పిలుపూ పలుపూ

"మాట మానేసినాడు బాబూ! బేగి రావాల!" అని సోములమ్మ ఫోనును నోటికి ఆనించి, ఎదురు కొండకి కూడా వినబడేలా అరిచింది.

అరకులో సిగ్నలు అరకొర. కొండమీది ఆమె ఊరు జీలుగుపుట్టు దాకా ఎక్కేసరికి ఆ అరకొరలో అర కూడా జారిపోయి కొర మాత్రం మిగులుతుంది. అందుచేత ఇటు బయలుదేరిన 'మాట' అటు చేరేసరికి 'మేత' అయి కూర్చుంది. ఆ సంగతి ఆమెకు తెలియదు. అవతల డాక్టరు మాత్రం చాలా శ్రద్ధగా అడగడం మొదలెట్టాడు.

"ఎన్నాళ్ళయిందమ్మా మానేసి?"

"రెండు నెలలు."

"రెండు నెల్లే! మరి పేణంతో ఎలాగున్నాదమ్మా?"

"అదే నానూ అనుకుంతన్నాను బాబూ."

"నిలబడతన్నాదా?"

"కర్రూతంతో. కుడిపక్కకి ఒరిగిపోతన్నాడు."

"పొట్ట ఉబ్బినాదా?"

"అది పెళ్ళికి ముందునుంచీ ఉన్నదే." పెళ్ళి అన్న ముక్కను గాలి ఎత్తుకుపోయింది.

"పేడ ఎలాగేస్తన్నాది?"

సోములమ్మ చుట్టూ చూసుకుంది. పాడేరు ఆసుపత్రిలోనూ ఇవన్నీ అడిగారు గాని, కాస్త మర్యాదగా అడిగారు. డాక్టర్ల దగ్గర సిగ్గుపడితే రోగం కుదరదు కదా అనుకుని గొంతు తగ్గించి, "రోజూ పొద్దున్నే," అంది.

"ఇది ఎన్నో ఈత?"

"ఈత రాదు బాబూ. గెడ్డలో మొలలోతు మించి దిగడు."

అవతల ఏదో రాసుకుంటున్న చప్పుడు. తర్వాత, "సరే, నేనొచ్చేస్తన్నా. నలుగురు మగోళ్ళని పిలిచి, కాళ్ళకి తాడేసి పడుకోబెట్టి ఉంచండి. గొట్టం వెయ్యాల," అని ఫోను తెగింది.

ఆ ఫోనులో రెండంకెను గట్టిగా నొక్కితే డాక్టరు పలుకుతాడని మాత్రమే ఆమెకు తెలుసు. ఏ డాక్టరని ఎన్నడూ అడగలేదు. ఊరికి వచ్చే డాక్టరు ఆయనొక్కడే అయినప్పుడు అడిగేదేముంది? అది ఆమె మొగుడు సుక్రు తన ఆవు కోసం పెట్టించుకున్న నంబరు.

మరో గంటకి, మెడలో గంట లేని ఆవులా ఎక్కడెక్కడో దారి తప్పి, పశువుల డాక్టరు సన్యాసిరావు బండి మీద వచ్చి దిగాడు. శృంగవరపుకోట మనిషి. మామూలుగా మాట్లాడినా పక్క ఊరి కుక్కలు మొరుగుతాయి. ఒక చేతిలో సంచీ, ఇంకో చేతిలో రెండు గజాల గొట్టం.

"ఏదీ పశువు?"

వసారాలో నలుగురు మగవాళ్ళు తాడు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్య కుక్కిమంచం మీద, దుప్పటి కప్పుకుని, ఒక చెంప జారిన మొహంతో సుక్రు కూర్చుని ఉన్నాడు.

"ఈడే బాబూ," అంది యర్రమ్మ. ఆమె సోములమ్మకు తోటికోడలు. నోరు విప్పితే ఎవరో ఒకరికి ఎక్కడో ఒకచోట గుచ్చుకోవాలి. "కట్టమంటే కట్టేత్తాం. గొట్టం ఎటేపునుంచి ఎడతారో అది సెప్పండి."

సన్యాసిరావు గొట్టం చూసుకున్నాడు, సుక్రును చూశాడు, సోములమ్మను చూశాడు. "మేత అన్నావు కదమ్మా?"

"మాట అన్నాను బాబూ."

వసారా అంతా గొల్లుమంది. తాడు పట్టుకున్నవాళ్ళు తాడు వదిలేసి పొట్టలు పట్టుకున్నారు. సోములమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె సుక్రు మొహం చూస్తోంది, నవ్వాడేమోనని. ఇలాంటిది ఇంకొకరింట జరిగి ఉంటే సుక్రు దాన్ని ముంచింగిపుట్టు సంత దాకా మోసుకెళ్ళి, నాలుగు వారాలు చెప్పి, అయిదో వారానికి గొట్టాన్ని నాలుగు గజాలు చేసి ఉండేవాడు. ఇప్పుడు అతని కళ్ళలో ఏదో మెదిలింది. నోరు తెరుచుకుంది. "ఆ... ఆ..." అని అక్కడే ఆగిపోయింది.

సన్యాసిరావు గొట్టాన్ని వీపు వెనక దాచి, మంచం పట్టె మీద కూర్చుని, సుక్రు చెయ్యి పట్టుకున్నాడు. "తప్పయిపోయింది మామా. నా చెవికి వెయ్యాల ఈ గొట్టం," అన్నాడు.

సోములమ్మ సోమవారం పుట్టింది, సుక్రు శుక్రవారం పుట్టాడు. లెక్కకి ఇద్దరికీ మధ్య మూడు రోజులే. ఆ మూడింటికీ నడుమన ఉన్నది బుధవారం. ఏడేళ్ళ కిందట ఒక బుధవారం నాడు దొడ్లో ఒక దూడ పుట్టింది, తల్లి చచ్చిపోయింది. సుక్రు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, గుడ్డపేలికను పాలలో ముంచి చప్పరింపజేసి బతికించి, బుదరి అని పేరు పెట్టాడు. "సోమారానికీ సుక్కురారానికీ మజ్జిన బుధారమొచ్చి కూకుంది సూడవే," అని యర్రమ్మ అప్పట్లోనే అంది. సోములమ్మ అప్పుడు నవ్వింది. తిట్టడానికి పెళ్ళామూ, పొగడడానికి ఆవూ ఉన్న ఇల్లు అది. సుక్రు ఆవుని పొగిడేవాడు, పెళ్ళాన్ని తిట్టేవాడు. రెండూ ఒకే గొంతుతో, ఒకే ప్రేమతో చేసేవాడు.

వానలు వెనకబట్టే రోజుల్లో ఒక పొద్దున్న, అంబలి గిన్నె అతని కుడిచేతిలోంచి జారింది. పక్షవాతం కుడిపక్షం వహించింది. పక్షం రోజులు ఆసుపత్రిలో ఉంచి, ప్రాణానికి ఢోకా లేదని చెప్పి పంపారు. కాలు కొంచెం వచ్చింది. చెయ్యి రాలేదు. మాట పడిపోయింది.

ముప్పయ్యేళ్ళుగా అతనిచేత మాటలు పడిన మనిషి ఆమె. ఇప్పుడు అతని మాటే పడిపోతే ఎక్కడని వెతుకుతుంది? సూది పడితే దీపం పెట్టుకుని వెతకొచ్చు. ఆమె మాత్రం వెతకడం మానలేదు. కావాలని అంబలిలో రెండు పిడికిళ్ళ ఉప్పు పోసి ఇచ్చింది, ఒక్క తిట్టు తిడతాడేమోనని. అతను ఆ ఉప్పు అంబలి చివరి బొట్టు దాకా తాగాడు. కళ్ళంట నీళ్ళు కారాయి, అవి ఉప్పుకో మరి దేనికో చెప్పే మనిషి లేడు. ఆ రోజు సోములమ్మ మిగిలిన అంబలిని దొడ్లో గుమ్మరించి, కుండని చాలాసేపు కడిగింది. ఆ మర్నాడే ఫోను ఎత్తింది.

ఆమెకి కావలసినది పెద్దదేం కాదు. కథలు వద్దు, కబుర్లు వద్దు. తనకోసం అతని నోట ఒక్కటంటే ఒక్కటి రావాలి. తిట్టయినా సరే.

సన్యాసిరావు వచ్చిన ఆ సాయంత్రం ఆమె కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. తోటలో తొలి కోత పళ్ళు ఎండేసి ఉన్నాయి. పొద్దు కొండ వెనక్కి జారుతోంది. మంద దిగే వేళ.

ఆ ఊళ్ళో మంద దిగే తీరు వేరు. జీలుగుపుట్టులో పదహారిళ్ళు, పదహారు పిలుపులు. పశువులన్నీ కలిసి కొండ మీద మేస్తాయి. పొద్దుగూకేసరికి ఇంటికొక మగవాడు మిట్ట మీద నిలబడి, తాతలనాటి తమ ఇంటి పిలుపు పిలుస్తాడు. ఏ ఇంటి పిలుపు విని ఆ ఇంటి పశువు మందలోంచి విడివడి వస్తుంది. ఒకరి పిలుపు ఇంకొకరు పిలవకూడదు. పిలిస్తే ఊరందరికీ కల్లు పోయించాలి. కోడళ్ళయితే పుట్టింటి పిలుపు గుమ్మం బయట వదిలి రావాలి, అత్తింటి పిలుపు నోట పట్టకూడదు. అందుకని సుక్రు పడిపోయిన రోజు నుంచీ బుదరికి పిలుపు లేదు. సోములమ్మే రోజూ పలుపుతాడు భుజాన వేసుకుని కొండెక్కి తోలుకొస్తోంది.

ఆమె పొయ్యి దగ్గర ఉండగా బయట వినబడింది.

"హో... హోహో... ఓఓయ్!"

మొదటిది పొగలా పైకి లేచింది, రెండోది విరిగి రెండు ముక్కలైంది, మూడోది గొంతులో పట్టి పట్టి పొడుగ్గా సాగింది. ఆ ఇంటి పిలుపు. సుక్రు గొంతు.

ఆమె చేతిలోని గరిటె నిప్పుల్లో పడింది. పరిగెత్తుకుని బయటికి వచ్చేసరికి వసారాలో అందరూ లేచి నిలబడ్డారు. కొండ మీద నుంచి గంట గణగణలాడించుకుంటూ బుదరి, రెండు నెలల బాకీ ఒక్కసారి తీర్చేస్తానన్నట్టు దూకుతూ వచ్చి, అందర్నీ తోసుకుని, సుక్రు మోకాలు మీద గడ్డం ఆన్చింది.

"మాటొచ్చేసింది!" అని సన్యాసిరావు అరిచాడు. "మేతకోసం వస్తే మాటొచ్చేసింది! చూశావా అమ్మా, నా హస్తవాసి! గొట్టం కూడా వెయ్యలేదు!"

"మాటొచ్చినాది గాని, ఎవులికోసమొచ్చినాదో సూడు," అంది యర్రమ్మ. "సోమారం పొయ్యికాడ ఊదుతుంటే, బుధారానికి పిలుపందింది."

సుక్రు ఆవు తల మీదుగా గుమ్మం వైపు చూస్తున్నాడు. సోములమ్మ కళ్ళొత్తుకుంది. సంతోషమే. ఆ సంతోషంలో ఒక ముల్లు ఉంది. లోపలికి వెళ్ళి పలుపు తెచ్చి, బుదరిని అతని పక్కనే వసారా గుంజకి కట్టి, "ఇంద, నీ బుదరి. తీరినాదా?" అని, పాలు పొంగుతున్నాయని మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

సుక్రు మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

"సంతోసమెక్కువైపోనాది," అని నలుగురూ అనుకున్నారు.

ఇక అప్పటినుంచీ పిలుపే పిలుపు. పొద్దుగూకినప్పుడే కాదు, పొద్దున్నా, మిట్టమధ్యాహ్నమూ, అన్నం వండుతుండగా, ఆమె నీళ్ళకి గెడ్డ దిగుతుండగా, "హో... హోహో... ఓఓయ్!" పగలు మంద పిలుపందనంత దూరాన కొండమీద ఉంటుంది, సోములమ్మ పలుపు పట్టుకుని పరిగెడుతుంది. వగర్చుకుంటూ ఆవుని తోలుకొచ్చి అతని పక్కన కట్టి, కోరింది దొరికింది కదా, ఇక తన పని చూసుకోవచ్చని కాఫీ తోటకి పోతుంది. మిరియం తీగ దగ్గరకి చేరకముందే మళ్ళీ పిలుపు. తిరిగొచ్చి చూస్తే ఆవు అక్కడే ఉంటుంది. అతను దాన్ని ఎడంచేత్తో తోసేస్తూ ఉంటాడు. ఒకరోజు కర్రతో కొట్టాడు కూడా. పిలిచినందుకు వచ్చిన జీవాన్ని కొట్టిన మగవాడు ఆ ఊళ్ళో అంతకుముందు లేడు.

"మతి కూడా పోనాది సెల్లీ," అంది యర్రమ్మ, ఈసారి గుచ్చకుండానే. "పిలుత్తాడు, తోసేత్తాడు. ఏటి సేత్తాం."

సోములమ్మ ఆవుని దూరంగా తీసుకెళ్ళి, దెబ్బ తగిలినచోట నూనె రాస్తూ దాని చెవిలో అడిగింది. "నీకేటి సెప్తన్నాడే గుంటా? నాతో అననిది నీతో ఏటంతన్నాడు? పోనీ నువ్వు సెప్పు." బుదరి ఆవు కాబట్టి ఆవులించింది. నోరులేని జీవాలంటారు గాని, దానికి నోరు లేకేం? ఉన్న నోటితో మూడు పూటలా నమలడమే గాని ఒక్క రహస్యం బయటపెట్టదు.

గాలికుంటు టీకాల వేళకి సన్యాసిరావు మళ్ళీ వచ్చాడు. బుదరికి సూది వేస్తుంటే సోములమ్మ కొమ్ములు పట్టుకుని, ఎన్నాళ్ళనుంచో దాచుకున్నది అడిగింది.

"డాక్టరు బాబూ, పసువులకి మాటలుంటాయా?"

సన్యాసిరావుకి ఇలాంటి ప్రశ్న పడాలే గాని, ఆ పూట ఇంకే పశువుకీ సూది పడదు. "ఎందుకుండవమ్మా! ఎక్కడో ఆఫ్రికాలో కోతులున్నాయంట. చిరుతొస్తే ఒక కూత, గద్దొస్తే ఇంకో కూత, పామొస్తే మరో కూత. ఆ కూత ఇని మిగతావి చెట్టెక్కాలో, పొదలో దూరాలో తెలుసుకుంటాయి. కానీ ఒకటి చెప్పనా? కోతి కూతలే కూస్తది, కోతలు కొయ్యదు. కోతలు మన సొత్తు. 'నిన్న చిరుతొచ్చింది రోయ్, నా తోక పట్టుకుంటే లాగి పడేశాను' అని ఏ కోతీ చెప్పలేదు. నిన్న అనే మాట దానికి లేదు."

"మరి తేనెటీగలో?"

"అదిగో, తేనెటీగ కొంచెం నయం. పువ్వులు ఏ వైపు, ఎంత దూరమో తుట్టెలో ఆడి చూపిస్తది. కళ్ళముందు లేనిదాని గురించి చెప్తది. కానీ కిందటేడు వలిసె పువ్వు ఎంత పచ్చగా ఉండేదో అని బెంగపడి ఆడదు. పోయినదాని కోసం మాట్లాడేది మనిషొక్కడే."

సోములమ్మ కొమ్ములు వదల్లేదు. "మరి మావోడు పిలిసే పిలుపో?"

సన్యాసిరావు గొంతు మొదటిసారి తగ్గింది. "అది మాట కాదమ్మా. ఆవు పిలుపులో ఒకటే ఉంటది. 'రా' అని. అంతకు మించి అందులో ఏమీ పట్టదు."

"నాకా ఒక్కటీ సాలును బాబూ," అంది సోములమ్మ.

ఆయన సూదిని తుడిచి సంచిలో పెట్టాడు. తర్వాత, పాడేరులో వచ్చే వారం మాటల డాక్టరమ్మ క్యాంపు పెడుతోందనీ, జీపు తాను చూస్తాననీ, గొట్టాలు అవీ ఏమీ ఉండవనీ చెప్పాడు.

పాడేరు క్యాంపు ఒక పెద్ద హాలు. ఒక చివర చీటీలు రాసే బల్ల, ఇంకో చివర డాక్టరమ్మ హేమలత. విశాఖ నుంచి వచ్చిన మనిషి, చిన్న గొంతు, తొందరలేని చూపు. సుక్రును ఎదురుగా కూర్చోబెట్టుకుని బొమ్మలున్న అట్టలు తీసింది. సన్యాసిరావు గోడవారన నిలబడ్డాడు, మాట్లాడనని ఒట్టు పెట్టించుకుని మరీ రానిచ్చారు.

గొడుగు బొమ్మ. సుక్రు నోరు కదిలింది, రాలేదు. కోడి బొమ్మ. రాలేదు. కుండ. రాలేదు.

"ఆవు సూపించండమ్మా," అంది సోములమ్మ. "అప్పుడు సూడండి, ఈ పాకంతా ఎగిరిపోద్ది."

ఆవు బొమ్మ చూపించింది. సుక్రు దాన్ని గొడుగుని చూసినట్టే చూసి, ఎడంచేత్తో పక్కకి నెట్టాడు.

సోములమ్మ తెల్లబోయింది. హేమలత ఏదో రాసుకుని, "పోనీ, బాగా అలవాటైన మాట చూద్దాం. బాబాయిగారూ, మీ ఆవిడని పేరు పెట్టి పిలవండి," అంది.

"ఓలమ్మా!" సోములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అదెక్కడి మాటమ్మా! మా ఊళ్ళో పెళ్ళాం పేరు మొగుడు పలకడు, మొగుడి పేరు పెళ్ళాం పలకదు. ఊళ్ళో ఇంకెవులు పిలిసినా నాను సోములమ్మని. ఆడికి మాత్రం నాకు పేరే నేదు."

"మరి ఎలా పిలిచేవారు? ఒసే అనా?"

"మా అత్త ఉన్నన్నాళ్ళూ ఆ మాటా నేదు. తరవాత అలవాటవనేదు. తిట్టీవోడమ్మా, సుబ్బరంగా తిట్టీవోడు. కానీ తిట్టడానికి ముందు పిల్లేదు. ఎదర ఉంటేనే తిట్టీవోడు."

"దూరంగా ఉంటే?"

"దూరంగా ఉంటే..." అని ఆమె ఆలోచించి, నవ్వేసింది. "ఏటో. నానే ఎల్లీదాన్ని."

హేమలతకి ఆసుపత్రి కాగితాలు కావలసి వచ్చాయి. అవి చీటీల బల్ల దగ్గర ఉండిపోయాయి. సోములమ్మ లేచి వెళ్ళింది. హాలు సగం దాటిందో లేదో, వెనకనుంచి,

"హో... హోహో... ఓఓయ్!"

హాల్లో ఉన్న వందమందీ తిరిగి చూశారు. ఒక పిల్ల ఏడుపు లంకించుకుంది. సోములమ్మ సిగ్గుతో చచ్చిపోయి, కాగితాలు తీసుకోకుండానే వెనక్కి పరిగెత్తుకొచ్చింది. "ఏటనుకోకండమ్మా. ఆవుని పిలుత్తన్నాడు. ఓయ్, ఆవిక్కడెక్కడున్నాదీ? కొండమీదున్నాది!" అని అతని ముందు చతికిలబడింది.

సుక్రు ఆపేశాడు.

హేమలత అతన్ని చూసింది, ఆమెను చూసింది. "అమ్మా, ఒక్కసారి మళ్ళీ వెళ్ళి ఆ కాగితాలు తెండి," అంది.

సోములమ్మ లేచి నాలుగడుగులు వేసింది. పిలుపు. ఆమె వెనక్కి వచ్చింది. పిలుపు ఆగింది.

"ఊళ్ళో ఈయన ఇలా పిలిచినప్పుడు మీరు ఏం చేస్తారు?"

"ఏటి సేత్తానమ్మా, పలుపు అట్టుకుని ఎల్తాను ఆవుని తేడానికి."

"తెచ్చాక?"

"ఆడి పక్కన కట్టేసి, తోటకి ఎల్తాను."

"అంటే, ఈయన పిలవగానే మీరు వెళ్ళిపోతారు. ఆవుని ఇచ్చేసి మళ్ళీ వెళ్ళిపోతారు."

సోములమ్మ సుక్రు వైపు తిరిగింది.

"ఈ జబ్బు రాకముందు, సాయంత్రాలు ఈయన పిలిస్తే ఎవరొచ్చేవారు?"

"ఆవు."

"ఆవొక్కతేనా?"

హాల్లో ఎవరో దగ్గారు. సోములమ్మకు ఆ హాలు కనిపించలేదు. మిట్ట కనిపించింది. ముప్పయ్యేళ్ళ సాయంత్రాలు. బుదరి కంటే ముందు దాని తల్లి, అంతకుముందు దాని తల్లి, ఏ ఆవు ఉంటే ఆ ఆవు. పిలుపు వినబడగానే తను చేతిలో పని వదిలి, చెంబుతో నీళ్ళు ముంచుకుని, ఒక చుట్ట కొంగున ముడేసుకుని మిట్ట ఎక్కేది. అతను నీళ్ళు తాగేవాడు, చుట్ట వెలిగించేవాడు, ఎందుకింత ఆలస్యమని తిట్టేవాడు. ముగ్గురూ కలిసి దిగేవారు. వేళయింది కాబట్టి వెళుతున్నాననే ఆమె అనుకునేది. పొద్దు పిలుస్తోందనుకునేది.

"నానూ ఎల్లీదాన్ని," అంది మెల్లగా. "నీళ్ళట్టుకుని."

హేమలత అట్టలు సర్దింది. "ఆయన మనసులో ఏముందో నేను ఒట్టేసి చెప్పలేనమ్మా. మెదడులో ఎడమవైపు మాటలుండే చోటు దెబ్బతింది. ఒక్కోసారి అలాంటివాళ్ళకి పాటలు, తిట్లు, పిలుపులు మిగిలిపోతాయి. వాటిని వాళ్ళు వెతుక్కోనక్కర్లేదు, వాటంతట అవే వస్తాయి. మామూలు మాటలు కొన్ని తిరిగి రావచ్చు, రాకపోవచ్చు, సాధన చెయ్యాలి. కానీ మిగిలినదాన్ని ఈయన ఖాళీగా వాడటం లేదు."

సోములమ్మ సుక్రు ముఖంలోకి చూసింది. "నన్నా?" అంది.

పలకడం అతని చేతిలో లేదు. ఎడంచెయ్యి మాత్రం వచ్చి ఆమె మోచెయ్యి పట్టుకుంది, వెళ్ళే మనిషిని పట్టుకున్నట్టు గట్టిగా.

గోడవారన ఉన్న సన్యాసిరావు ఒట్టు నిలబెట్టుకున్నాడు.

జీపు జీలుగుపుట్టు చేరేసరికి పొద్దు ఇంకా కొండమీదే ఉంది. డాక్టరమ్మ ఎన్ని మాటలు ఎక్కించి పంపిందో చూద్దామని ఊరంతా వసారా ముందు పోగయింది. యర్రమ్మ ముందుచూపు మనిషి. వచ్చీరాగానే మరిది ఆవుకోసం అరుస్తాడని, బుదరిని ముందే తోలుకొచ్చి గుంజకి కట్టి ఉంచింది.

సుక్రును మంచం మీద కూర్చోబెట్టి, సోములమ్మ కాళ్ళు కడుక్కోడానికి దొడ్లోకి నడిచింది.

"హో... హోహో... ఓఓయ్!"

"ఇదిగో మరిదీ, ఇక్కడే ఉన్నాది! కట్టీసి ఉంచినాను!" అని యర్రమ్మ పలుపు విప్పి బుదరిని ముందుకు తోసింది. ఇద్దరు మగవాళ్ళు వెనకనుంచి నెట్టారు. సుక్రు ఎడంచెయ్యి లేచింది. "ఇదేటి అనాయం! పిలిసీదీ ఈడే, తోసీదీ ఈడే! ఈ ఆవుదే ఏదో దోసం," అని ఒక ముసలాయన కర్ర ఎత్తాడు.

సోములమ్మ తడికాళ్ళతో వచ్చి మంచానికీ ఆవుకీ మధ్య నిలబడింది.

"ఆగండి. దాన్ని కాదు."

"ఏటి దాన్ని కాదు?"

"పిలిసీది దాన్ని కాదు."

"మరెవుల్ని?" అంది యర్రమ్మ.

నలుగురిలో చెప్పవలసిన మాట కాదది. పెళ్ళయిన ముప్పయ్యేళ్ళకి, జుట్టు సగం నెరిసాక, పదహారిళ్ళ వాళ్ళ ముందు నిలబడి, నా మొగుడు నన్ను పిలుస్తున్నాడని ఎలా చెప్పడం? సోములమ్మ కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్ళీ చుట్టుకుంది.

"నన్ను," అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. యర్రమ్మ వాళ్ళను ఒక్క చూపు చూసింది.

"ఆడి కాడ అదొక్కటే మిగిలినాది," అని సోములమ్మ చెప్పుకుపోయింది. "తిట్లు పోనాయి, కబుర్లు పోనాయి. నా పేరు ముందునుంచీ నేదు. ఆ పిలుపుకి రోజూ ఇద్దరం ఎల్లీవోళ్ళం మిట్టమీదికి, అదీ నానూ. ఆడు పడిపోయినాక అదే పిలుపు ఏత్తే, ఆవుకే అనుకున్నాను. అందరం అనుకున్నాం. ఆడు రా అన్నప్పుడల్లా నాను ఎల్లిపోయినాను పలుపు అట్టుకుని. దీన్ని తెచ్చి కట్టీసి మళ్ళీ ఎల్లిపోయినాను. ఆడికి కోపం రాదేటి మరి? మతి పోయింది ఆడికి కాదు."

ముసలాయన కర్ర దించాడు. మంద దిగే వేళ దాటిపోతోంది. మిట్టమీద నిలబడవలసిన మగవాళ్ళు పదిహేనుమందీ ఇక్కడే ఉండిపోయారు. పైన పశువులు పిలుపులు లేక ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.

"అయితే సెల్లీ," అంది యర్రమ్మ, "ఆ పిలుపులో ఇంకేటేటి ఉన్నాయో, ఆకలో, నొప్పో, నీ మీద బెంగో, నీకు తెలుత్తాదేటి?"

"తెలీదు." సోములమ్మ మంచం పట్టె మీద, సుక్రు ఎడంచేతి వైపు కూర్చుంది. "ఆడు సెప్పాలనుకున్నదంతా అందులోనే కుక్కి పంపుతన్నాడు. ఇప్పుకోడం నాకు రాదు. ఎవులికి పంపినాడో అదొక్కటే తెలిసినాది."

బుదరి ఇంకా అక్కడే నిలబడి, విప్పిన పలుపు నేలమీద ఈడ్చుకుంటూ, ఒకరి తర్వాత ఒకరి మొహం చూస్తోంది. దాని వీపుమీద ఎవరో మళ్ళీ చెయ్యెత్తబోయారు.

"దాన్నేటీ అనకండి," అంది సోములమ్మ. "అది పిలిత్తే వొచ్చినాది. రానిదాన్ని నానే."